రేపటి విశాఖకు నవ్వే కథ కావాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీదికి చేర్చి నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్ల పైచిలుకు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. శత్రువు ఓడలను ముంచడానికే పుట్టిన యంత్రం అది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మొత్తం 22 టార్పెడోలు మోసేది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

సెలవు రోజు వస్తే దాని ముందు పిల్లల వరుసే. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల తప్పించుకుని దూరాలి. పెద్దవాళ్లు ఆయాసపడే ఆ చోటే పిల్లలకు ఆట. గోడల నిండా చక్రాలు, మీటలు, గాజు మూతల గేజీలు. టార్పెడోల పక్కనే అరల్లా బిగించిన పడకలు చూసి 'ఇక్కడ ఎలా పడుకునేవాళ్లు' అని అడగని పిల్లలు ఉండరు. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు అక్కడ గైడ్లు. జవాబు చెప్పేది ఆ బతుకు తెలిసినవాళ్లే కాబట్టి పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

రోడ్డుకు అవతలి వైపు 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం ఉంది. నీళ్ల అడుగున దాక్కున్న జలాంతర్గాములను వెతికి వేటాడటం దాని పని. వేటగాడు ఒక పక్క, వేట ఇంకో పక్క. మధ్యలో ముంత మసాలా బండ్లు, ఐస్‌క్రీం బండ్లు. ప్రపంచం రెండు ముక్కలై అణుబాంబుల మీద కూర్చున్న రోజుల్లో ఈ రెండు యంత్రాలను చూసి ఎవరూ నవ్వి ఉండరు. వాటిని ఆటస్థలంగా మార్చిన ఊరు విశాఖ. భయపెట్టే లోహాన్ని పిల్లల చేతికి అందించడం ఈ ఊరికి చేతనైన పని. మన కథలకే అది ఇంకా చేతకాలేదు. తెలుగులో భవిష్యత్తు గురించి చెప్పుకునే కథలు దాదాపు అన్నీ బూడిద రంగులో ఉంటున్నాయి. ఆ రంగు మార్చే పని విశాఖ నుంచి మొదలుకావాలి.

భయానక భవిష్యత్తును తిరగరాసే నేర్పు తెలుగువాళ్లకు లేదని కాదు. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' చాలా దిగులు పుట్టించే నవల. అందులో కథానాయకుడు క్రీస్తుశకం 8,02,701కి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలి ఉంటారు. నేలమీద అమాయకులు, నేలకింద వాళ్లను తినేవాళ్లు. ఆ ఆలోచనను అందుకుని సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం అదే, ప్రయాణం వేరు. ఆయన యంత్రం 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువు ముందు దిగింది. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా చమత్కారాలు విసిరారు. వెల్స్ చేతిలో గుండె ఝల్లుమనిపించిన యంత్రం తెలుగు పిల్లలకు తిరునాళ్లలో రంగులరాట్నమైంది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదల చేస్తే, చిన్నప్పుడు చూసినవాళ్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

అయితే ఆ సినిమా ద్వితీయార్ధాన్ని జాగ్రత్తగా చూడాలి. యంత్రం 2504కు వెళ్తుంది. అప్పటికి మూడో ప్రపంచ యుద్ధం జరిగిపోయి ఉంటుంది. అణు ధార్మికత వల్ల నేలమీద బతకలేక మనుషులు నేలకింద తలదాచుకుంటారు. రాయల కొలువులో ఉన్న పాట, ఆట, వెలుగు అక్కడ లేవు. సంతోషమంతా వెనక్కి, భయమంతా ముందుకు. దర్శకుడి తప్పుగా దీన్ని చూడనక్కర్లేదు. ప్రచ్ఛన్న యుద్ధపు నీడ ఇంకా పూర్తిగా తొలగని రోజులవి. కానీ ఆ అలవాటు మనల్ని వదల్లేదు.

సింగీతం కుర్రవాడిగా ఉన్నప్పుడు కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేశారు. 1957 నాటి ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. తెరిచి చూసినవాళ్లకు తమకు అత్యంత ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖ అందులో దూరాన ఉన్న అభిమన్యుణ్ని చూస్తుంది. వీడియో కాల్‌ను మన సినిమా ఊహించిన తీరు అది. ఎంత ముచ్చటైన ఊహ! కానీ దాన్నీ ద్వాపర యుగంలోనే పెట్టారు. రాబోయే కాలపు వస్తువును సైతం గడిచిపోయిన కాలంలో పెడితే తప్ప మనకు ఆనందం కలగలేదు.

2024 జూన్‌లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. ఈ సినిమాకు సింగీతం మార్గదర్శకుడిగా ఉన్నారు. మాయాబజార్ నుంచి ఆదిత్య మీదుగా కల్కి దాకా ఒకే మనిషి నీడ పరుచుకుని ఉందన్నమాట. కల్కిలో గంగ ఎండిపోయింది. కాశీ చివరి నగరంగా మిగిలింది. దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా 'కాంప్లెక్స్' వేలాడుతుంది. నీళ్లు, పచ్చదనం, తిండి అన్నీ దాని లోపలే. కింద ఉన్నవాళ్లకు దుమ్ము. తెలుగు తెర ఇంత పెద్ద చీకటి లోకాన్ని ఇంతకుముందు కట్టలేదు. ఆ కట్టుబడిని మెచ్చుకోవాలి. ఆశ మాత్రం అందులోనూ మహాభారతం నుంచే వచ్చింది. వేల ఏళ్లనాటి అశ్వత్థామ లేచి వస్తే తప్ప 2898లో మనిషికి దిక్కు లేదు.

అదే సినిమాలో బుజ్జి ఉంది. కథానాయకుడు భైరవతో పాటు తిరిగే కృత్రిమ మేధ అది. కీర్తి సురేశ్ గొంతు. అతణ్ని ఎత్తిపొడుస్తుంది, అలుగుతుంది, అంతలోనే కాపాడుతుంది. దాన్ని తెరమీద బొమ్మగా చూపించి సరిపెట్టలేదు. మహీంద్రా సంస్థ, కోయంబత్తూరుకు చెందిన జయం ఇంజినీర్లు సాయం చేయగా సుమారు ఆరు టన్నుల బరువున్న నిజం వాహనాన్ని తయారుచేసి ఊళ్లు తిప్పారు. సినిమాకు ముందు, 2024 మే 31న 'బుజ్జి అండ్ భైరవ' పేరుతో రెండు భాగాల యానిమేషన్ విడుదల చేశారు. అదే ఎండిన కాశీ, అదే దుమ్ము. కానీ అందులో తగవులాడుకునే ఓ కారూ, ఓ మనిషీ ఉన్నారు. పిల్లలకు ఆ లోకం చూసి భయం వేయలేదు. వెళ్లి తిరగాలనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి తెలుగు ఊహ సంతోషాన్ని ముందుకాలంలో పెట్టింది. చిన్న ప్రయత్నమే, రెండే భాగాలు. దాన్ని సినిమా ప్రచారంగా తీసిపారేయడం పొరపాటు. దారి అటే ఉంది.

ఆ దారిలో విశాఖ ఎందుకు రావాలి? హైదరాబాద్‌లో స్టూడియోలు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది. నిజమే. కానీ రేవు, ఉక్కు, చమురు, నౌకాదళం అన్నీ జనం ఇళ్ల పక్కనే ఉన్న తెలుగు ఊరు విశాఖ ఒక్కటే. యారాడ కొండ మీద నిలబడి రాత్రిపూట ఇటు చూస్తే రేవు దీపాలు, క్రేన్లు, చమురు శుద్ధి కర్మాగారం మంట, లంగరేసిన ఓడలు ఒకే చూపులో కనిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్ సినిమా వాళ్లు కోట్లు పోసి వేసే సెట్ ఇక్కడ రోజూ వెలుగుతుంది.

ఇక్కడివాళ్లు చీకటి భవిష్యత్తును సినిమాలో చూసి తెలుసుకోనక్కర్లేదు కూడా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తింది. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విమానాశ్రయం పైకప్పును లేపేసింది. ఊళ్లో చెట్లన్నీ మోడులయ్యాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. జనం నిద్రలోంచి లేచి పరుగెత్తుతూ రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఫోన్లలో తిరిగిన దృశ్యాలు ఏ దర్శకుడూ తీయలేనంత భయంకరమైనవి.

ఇంత చూసిన ఊరి పిల్లలకు ఇంకో చీకటి కథ చెప్పి ఏం సాధిస్తాం? హెచ్చరిక వాళ్లకు ఎప్పుడో అందింది. అందనిది, ఆ తర్వాత ఏం చేయొచ్చో చెప్పే ఊహ.

జపాన్ ఈ పని చేసి చూపించింది. మినమాత తీరపట్టణంలో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. నరాలు దెబ్బతిని ఎందరో పోయారు. పుట్టే పిల్లలూ తప్పించుకోలేదు. హయావో మియజాకి 1984లో 'నౌసికా' తీసినప్పుడు ఆ ఊహకు మినమాత ఒక ప్రేరణ అయింది. ఆ సినిమాలో భూమి నిండా విషపు అడవి. మనుషులు ముసుగులు తొడుక్కుని తిరుగుతారు. కథానాయిక మాత్రం ఆ అడవిని తగలబెట్టాలనుకోదు. గ్లైడర్ మీద ఎగురుతూ అందులోకి వెళ్తుంది, మొక్కలు పట్టుకొచ్చి శుభ్రమైన నీళ్లూ మట్టీ ఇచ్చి పెంచి చూస్తుంది. విషం మొక్కల్లో లేదు, మట్టిలో ఉందని కనిపెడుతుంది. రెండేళ్ల తర్వాత తీసిన 'లాప్యుటా'లో ఆకాశంలో పాడుబడ్డ కోట, అందులో యుద్ధం కోసం చేసిన మరమనిషి. అందరూ వెళ్లిపోయాక ఆ మరమనిషి తోటను చూసుకుంటూ, భుజాల మీద చిన్న జంతువులను ఆడించుకుంటూ ఉంటుంది. కుర్సురా లోపల ఆడుకునే పిల్లల్ని చూసినవాళ్లకు ఆ బొమ్మ వెంటనే అర్థమవుతుంది.

అమెరికావాళ్లు తీసిన 'వాల్-ఇ' (2008)దీ ఆ తోవే. చెత్తకుప్పగా మిగిలిన భూమి మీద ఒంటరి రోబో, పాత బూటులో ఒక మొక్క. 2012లో బ్రెజిల్‌లో 'సోలార్‌పంక్' పేరుతో కథల సంకలనం వచ్చాక ఆ పేరు మీద ఒక ధోరణే మొదలైంది. ఎండ, గాలి, మరమ్మతు, ఇరుగుపొరుగు అందులో ముఖ్యం. తెలుగులో దానికి సరిపోయే నేల ఎదురుగా ఉంది. విత్తేవాళ్లే కావాలి.

ఉక్కు కర్మాగారాన్నే తీసుకోవాలి. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా రోడ్డెక్కింది. టి.అమృతరావు నిరాహార దీక్ష చేశారు. కాల్పుల్లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. రెండోది కృష్ణ. 2012లో వచ్చిన మూడోది అన్నపూర్ణ. దాదాపు 1,500 డిగ్రీల వేడితో ఇనుము కరిగి పారే చోటుకు ఎవరైనా భూతమనో రాక్షసి అనో పేరు పెడతారు. ఇక్కడివాళ్లు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్నారు. కరిగిన ఇనుము టార్పెడో ఆకారంలో ఉండే పెద్ద లాడిల్ బండ్లలో పట్టాల మీద వెళ్తుంది. వాటిని టార్పెడో లాడిల్స్ అనే పిలుస్తారు. బీచ్‌లో ఉన్న టార్పెడో ఓడను ముంచడానికి, ఉక్కునగరంలో ఉన్న టార్పెడో ఇళ్లకు ఊచలనిచ్చే ఇనుమును మోయడానికి. కోక్ బట్టీల దగ్గర ఇంకో వింత ఉంది. మండుతున్న కోక్ మీద నీళ్లు గుమ్మరించి చల్లార్చే పాత పద్ధతి బదులు ఇక్కడ నైట్రోజన్ వాయువుతో చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. నిప్పు ఆరుతూ దీపం వెలిగిస్తుంది. ఇవన్నీ కళ్లముందున్న పిల్లల కథలు. ఎవరూ రాయలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. నవ్వే కథ అంటే నిజాన్ని కప్పిపెట్టే రంగుకాగితం కాదా? పాతనగరంలో బట్టలారేస్తే బొగ్గు నుసి పడుతుంటే, రేవును బొమ్మల పుస్తకంలో అందంగా గీసుకోమనడం ఎంతవరకు న్యాయం? ఉక్కు కోసం 64 గ్రామాల జనం భూములిచ్చి లేచిపోయారు. ఉద్యోగం రాని కుటుంబాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. 2021 జనవరిలో కేంద్రం ఈ కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేస్తామని నిర్ణయించింది. 2024 సెప్టెంబరు నాటికి మూడు కొలుముల్లో ఒక్కటే మండే స్థితికి వచ్చింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించాకే కాస్త ఊపిరి ఆడింది. ఇలాంటి చోట 'ఆశ' అనే మాట తేలిగ్గా వాడకూడదు.

అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఏ రకం ఆశ కావాలో తేల్చుకోవాలి. జర్మనీలో డ్యూయిస్‌బర్గ్ దగ్గర 1985లో మూతపడ్డ ఉక్కు కర్మాగారాన్ని 1994 నాటికి పార్కు చేశారు. ముడిసరుకు నిల్వచేసే గోడల మీద జనం కొండెక్కడం నేర్చుకుంటారు. గ్యాసు నిల్వచేసిన తొట్టిలో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతారు. రాత్రిళ్లు కొలుములకు రంగు దీపాలు. చూడటానికి ముచ్చటేస్తుంది. కానీ విశాఖకు ఆ నమూనా వద్దు. అక్కడ పని ఆగిపోయాక ఆట మొదలైంది. ఇక్కడ పని బతికుండాలని వేలాది కుటుంబాలు పోరాడుతున్నాయి. గోదావరి కొలిమిని పార్కుగా ఊహించే కథ ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్నవాళ్లకు శాపంలా వినిపిస్తుంది. కుర్సురా తన పని ముగించుకుని, వయసు మీరి ఒడ్డుకు చేరింది. ఆయుష్షున్న కొలిమిని ఒడ్డుకు చేర్చాలనుకోవడం వేరు. విశాఖ కథలో సంతోషం పని చుట్టూ ఉండాలి. పని పోయిన చోట కాదు.

అలాంటి ఊహకు ఆధారాలు లేకపోలేదు. స్వీడన్‌లో బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ముడి ఇనుమును శుద్ధిచేసి, 2021లో మొదటి విడత ఉక్కును వోల్వో కంపెనీకి ఇచ్చారు. ఆ కొలిమి వదిలేది ప్రధానంగా నీటి ఆవిరి. ఇప్పుడున్న బ్లాస్ట్ ఫర్నేసులు అలా నడవవు, వేరే రకం కొలుములు కట్టాలి, ఖర్చు చాలా ఎక్కువ. కానీ అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉక్కునగరానికి అది దూరమేమీ కాదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ తర్వాత నాలుగో చెల్లెలు పుట్టి, బొగ్గు తినకుండా గాలి తాగి బతుకుతానంటే అక్కలు ముగ్గురూ ముక్కున వేలేసుకునే కథను ఇప్పుడే రాయొచ్చు. రెండో తరగతి పిల్లకు దాంతో ఉక్కు ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. పదో తరగతి పిల్లవాడికి రసాయనశాస్త్రం అర్థమవుతుంది.

బీచ్ సంగతీ అంతే. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆర్కే బీచ్, సాగర్‌నగర్ లాంటి చోట్ల అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి, కంచె వేసి పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. అరచేతిలో పట్టే పిల్ల ఇసుక మీద పాకుతూ అలల్లోకి పోతుంటే, అదే సముద్రంలో కాస్త దూరంలో యుద్ధనౌకలు నిలబడి ఉంటాయి. వలల్లో చిక్కి చచ్చిన తల్లి తాబేళ్లు ప్రతి ఏడూ ఒడ్డుకు కొట్టుకొస్తాయి, అదీ నిజమే. జాలరిపేట ముసలమ్మ, రేవులో మనిషి లేకుండా నడిచే క్రేను, దారి తప్పిన తాబేలు పిల్ల ఒకే కథలోకి వస్తే, వలకు తాబేలు తప్పించుకునే తలుపు ఎందుకుండాలో ప్రత్యేకంగా పాఠం చెప్పక్కర్లేదు.

ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటన కూడా ఈ కథల్లో ఉండాలి. ఉండి తీరాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిన ఒక సంగతి గుండెలో ములుకులా దిగుతుంది. ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి అత్యవసర సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఆ రాత్రి అది మోగలేదు. ఇంత చిన్న పని. ఒక చెయ్యి ఒక మీట మీద పడి ఉంటే ఎన్ని ఇళ్లు ముందే మేలుకునేవో. ఆశ కలిగించే విశాఖ కథలో ఫ్యాక్టరీలు మాయం కావు. రసాయనాలూ మాయం కావు. అందులో సైరన్‌కు ఒక పాత్ర ఉంటుంది, వాగుడుకాయ పాత్ర. వారానికోసారి గొంతు సవరించుకుంటుంది, పిల్లల్ని బడి నుంచి బయటికి పిలిచి గాలి ఎటు వీస్తోందో చూడమంటుంది, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని ఏ వైపు నడవాలో ఆటలా నేర్పుతుంది. ఆ కథ చదివిన వీధిలో నిజం సైరన్ మోగకపోతే పెద్దలను నిలదీసేది పిల్లలే. భయపెట్టే సినిమా చూసి ఇంటికొచ్చినవాళ్లు తలుపేసుకుంటారు. ఇలాంటి కథ విన్నవాళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి అడుగుతారు. ఈ తేడా కోసమే ఇంత చెప్పవలసి వస్తోంది.

ఇప్పుడు తొందర కూడా ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. భారీ డేటా సెంటర్లు, సముద్రగర్భ కేబుళ్లు వస్తాయి. వాటికి కరెంటు కావాలి, యంత్రాలు చల్లబడాలి. వేసవిలో కుళాయిల దగ్గర బిందెల వరుసలు తెలిసిన ఊరికి ఇది ఊరికే పోయే ప్రశ్న కాదు. నీళ్లన్నీ పైనున్న కాంప్లెక్స్‌కు, దుమ్మంతా కిందున్న కాశీకి అన్న కల్కి లోకం విశాఖలో పుడుతుందా? పైన ఉన్న యంత్రం కిందివాళ్లతో బుజ్జిలా మాట్లాడుతుందా? పెట్టుబడి వచ్చిందని చప్పట్లు కొట్టేవాళ్లూ, కొంప మునిగిందని గోల పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ యంత్రం ఎన్ని నీళ్లు తాగాలో, వాడిన నీళ్లను ఎలా తిరిగి ఇవ్వాలో, దాని తెలివి జాలరికీ ఉక్కు కార్మికుడికీ ఏ పనికి రావాలో ఊహించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. రచయితలు ఊహించకపోతే కంపెనీ ప్రకటనలే మన భవిష్యత్తు కథలు రాసి పెడతాయి.

హుద్‌హుద్ తర్వాత ఈ ఊరు ఏం చేసిందో కూడా గుర్తుచేసుకోవాలి. ఈదురుగాలికి స్తంభాలన్నీ కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాక, కరెంటు తీగలను నేలకిందికి దించే పని మొదలుపెట్టింది. బీచ్ రోడ్డు నుంచి కైలాసగిరి దాకా మళ్లీ మొక్కలు నాటారు. ఆదిత్య 369లో మనుషులు భయంతో నేలకిందికి పోయారు. విశాఖ తన కరెంటు తీగలను నేలకిందికి పంపి, తాను నేలమీదే ఉండిపోయింది. సినిమా వాళ్లకు ఇంతకన్నా మంచి మలుపు ఎక్కడ దొరుకుతుంది?

'ఘాజీ' సినిమా 2017లో విశాఖ సముద్రం అడుగుకు వెళ్లి వచ్చింది. 1971 డిసెంబరులో ఇక్కడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ అది. బాగా తీశారు, జనం ఆదరించారు. తెలుగు ప్రేక్షకుడు కొత్త లోకంలోకి రావడానికి వెనుకాడడని తేలిపోయింది. కాబట్టి 'మనవాళ్లు చూడరు' అనే మాట ఇక చెల్లదు. చెల్లేది ఒక్కటే ప్రశ్న: తీసేదెవరు, రాసేదెవరు?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది, నూరేళ్ల పండుగ దానిది. తెలుగు శాఖ, ఇంజినీరింగ్ కళాశాల రెండూ అందులో ఉన్నాయి. ఈ రెండు చోట్ల విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి రేపటి విశాఖ మీద కథలు రాయించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ఉక్కు కర్మాగారం యాజమాన్యం ఏడాదికోసారి బాలల రచయితలను, బొమ్మలు వేసేవాళ్లను పిలిచి, కొలుముల దగ్గర పనిచేసేవాళ్లతో మాట్లాడించాలి. నౌకాదళం కుర్సురాలో గైడ్లు చెప్పే ముచ్చట్లను రికార్డు చేసి పుస్తకం చేయాలి. ఆ తరం వెళ్లిపోతే అవి మళ్లీ దొరకవు. నిర్మాతలు బుజ్జిని మరో నాలుగు భాగాలు తిప్పాలి, ఈసారి కాశీ బదులు యారాడ కొండ కిందికి తీసుకురావాలి. ఆర్ఆర్ వెంకటాపురం పిల్లలను, ఉక్కుకు భూములిచ్చిన కుటుంబాల పిల్లలను ఆ కథల్లో వీధి జనంగా కాక కథానాయకులుగా పెట్టాలి.

విశాఖ రేవులోకి మొదటి ఓడ 'జలదుర్గ' వచ్చింది 1933 అక్టోబరు 7న. నూరేళ్లు నిండేది 2033లో. ఆ పండుగకు శిలాఫలకాలు, ఉపన్యాసాలు ఎటూ ఉంటాయి. వాటితో పాటు విశాఖ పిల్లల చేతుల్లో వాళ్ల ఊరి భవిష్యత్తు గురించి తెలుగులో రాసిన ఓ మంచి బొమ్మల కథల పుస్తకం ఉండాలి. రచయితలూ చిత్రకారులూ ఈ ఏడాదే పని మొదలుపెట్టండి.